పన్నెండో నెలలో కడిగే జాడీ

కావ్‌షుంగ్ రేవులో లియావ్ పావ్-చూ అంటే తెలియనివాళ్ళు లేరు, ఆవిణ్ణి చూసి సంతోషించేవాళ్ళూ లేరు. ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో పొడుగు కాడ తెల్ల గరిటె, నడుముకి గీకే బ్రష్షు. ఆవిడ వస్తోందని తెలిస్తే క్రేను కిందివాళ్ళు తాగుతున్న టీ కప్పులు కూడా బోర్లించేసేవారు. ఆవిడ కింద నేను పదకొండేళ్ళు పనిచేశాను. ఆ పదకొండేళ్ళలో నా మోకాళ్ళు అరిగాయి గానీ ఆవిడ నోరు అరగలేదు.

మాది రేవు క్వారంటైన్ ఆఫీసు. ఓడలెక్కి జ్వరాలు చూసేది డాక్టర్లు. ఫొటోల్లో పడేదీ వాళ్ళే. మా వాటాకి వచ్చింది నిలవనీళ్ళు. ఓడలో వచ్చిన రోగాన్ని ఒడ్డు మీద పదిమందికీ పంచే దోమ రేవులో పుట్టకూడదు. అందుకని ప్రహరీ లోపల ఎక్కడ చెంచాడు నీళ్ళున్నా వెతకాలి, పారబోయాలి, గీకాలి. పాత టైర్లు, టార్పాలిన్ మడతలు, ఏసీ కింద పెట్టిన పళ్ళాలు, ఎవడో తాగి విసిరేసిన సోయాపాల డబ్బా. ఇవాళ పారబోస్తే సాయంత్రం వాన పడుతుంది, రేపు మళ్ళీ మొదలు. ఈ పనికి అంతూ దరీ లేదని చేరిన మొదటి వానాకాలంలోనే నాకు అర్థమైపోయింది. పావ్-చూ అక్కకి అంతకుముందే అర్థమై ఉంటుంది. అయినా వదిలేది కాదు.

"పారబోశాను గదక్కా, ఇంకా ఏంటి?" అనేవాడు ఫోర్క్‌లిఫ్ట్ నడిపే సూన్.

"పారబోస్తే సరిపోద్దా? గుడ్లు గోడకి అంటుకునుంటాయి. నీళ్ళు ఎండినా నెలల తరబడి చావవు. గీకు."

"మా ఆవిడే నయం. గిన్నె ఒకసారి తోమితే ఊరుకుంటది."

"అందుకే మీ ఇంటికొస్తే నేను మంచినీళ్ళు కూడా ముట్టను. మాటలాపి గీకు."

ఓడలు కట్టే గట్టులో చివరి బెర్త్ దగ్గర, కాపలా గదిని ఆనుకుని మోకాలెత్తు గుడి ఒకటుంది. నీళ్ళలో పోయినవాళ్ళ గుడి. అక్క మొగుడు త్సాయ్ ఓడలకి తాళ్ళు కట్టే పని చేసేవాడు. ఇరవై రెండేళ్ళ కిందట ఆ బెర్త్‌లోనే ఓడకీ గట్టుకీ మధ్య పడిపోయాడు. ఆ మరుసటేడే ఆవిడ ఈ ఉద్యోగంలో చేరింది. ఇంట్లో ఆయనకి పీఠం ఉన్నా, నెలకి రెండుసార్లు, మా తిథుల లెక్కలో రెండో నాడూ పదహారో నాడూ, ఆ గుడిలో చామంతులు పెట్టేది. నీలం జాడీలో వాడిన పూలు తీసి, కొత్తవి గుచ్చి, తగ్గిన నీళ్ళు పోసేది. జాడీ మాత్రం కదిపేది కాదు. గుడి సామాను ఏడాదికొక్కసారే కడుగుతాం, పన్నెండో నెల ఇరవైనాలుగున, దేవుళ్ళు ఏడాది లెక్క అప్పజెప్పడానికి పైలోకానికి వెళ్ళాక. మిగతా రోజుల్లో కదిపితే లోపలున్నవాళ్ళ నిద్ర చెడుతుంది. మా అమ్మా అలాగే చేసేది, మా ఆవిడా అలాగే చేస్తుంది.

ఆ కాపలా గదిలో ఉండేది కో బాబాయ్. డెబ్భై ఒక్కేళ్ళ మనిషి, ఒంటినిండా షుగరు, నోటినిండా కబుర్లు. రౌండు తిరిగి అలిసిపోయి అక్క ఎక్కడన్నా కూలబడేదంటే ఆయన బెంచీ మీదే.

పోయినేడు ఆరో నెలలో ఒక సరుకు ఓడ వచ్చింది. అందులో ఇరవై ఏళ్ళ డెక్కు పనివాడికి జ్వరం. అంబులెన్సు వచ్చేదాకా ముప్పావుగంట వాణ్ణి ఆ బెంచీ మీదే కూర్చోబెట్టారు. కో బాబాయ్ తన పంకా బయటికి తెచ్చి వాడివైపు తిప్పాడు. రెండో రోజున తేలింది, డెంగీ అని. మేం ఆ బెర్త్‌ని రెండుసార్లు జల్లెడ పట్టాం. ఏమీ దొరకలేదు. ఏమీ లేదని అక్కే సంతకం పెట్టింది.

సరిగ్గా పద్దెనిమిది రోజులకి కో బాబాయ్ మంచం పట్టాడు. అదే జ్వరం. ఐదో రోజుకి ఐసీయూలో పెట్టారు. ఆ వయసుకి, ఆ షుగరుకి ఏం చెప్పలేమన్నారు డాక్టర్లు.

"నేను సంతకం పెట్టిన బెర్త్ అది," అంది అక్క.

మూడు రోజులు వెతికాం. గట్టు మీద మూడొందలమంది పనిచేస్తారు. ఆ దోమ పుట్టినచోటు దొరక్కపోతే తరవాత ఎవరి వంతో తెలియదు. మురుగు మూతలెత్తాం, గుంటల్లో ఇసక పోశాం, కాపలా గది పైకప్పు ఎక్కాం. మూడో రోజు మధ్యాహ్నానికి నాకు కళ్ళు తిరుగుతున్నాయి. గుడి ముందు ఒరిగి నిలబడ్డాను. అప్పుడు పడింది కంట్లో జాడీ. ఈ మూడు రోజుల్లో నేను దాన్ని పదిసార్లు చూసుంటాను, చూస్తూనే వదిలేశాను. దండం పెట్టే చోట టార్చి వేయాలని ఎవరికి తడుతుంది?

"అక్కా, ఆ జాడీ."

"దాన్ని ముట్టుకోకు."

"అక్కా."

ఆవిడ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. "ఏమనుకోకయ్యా" అని మొగుడితో చెప్పుకుని, జాడీ వంచి నీళ్ళు గరిటెలోకి పోసింది. తెల్లటి గరిటెలో దోమ పురుగులు నల్లగా మెలికలు తిరుగుతున్నాయి. పదిహేడు. నాకు ఆవిణ్ణి చూస్తే ఏడుపొచ్చింది. పదకొండేళ్ళలో ఎన్నిసార్లు తిట్టుకున్నానో ఆవిణ్ణి, ఆ క్షణాన మాత్రం ఆ గరిటె లాక్కుని సముద్రంలో విసిరేద్దామనిపించింది.

ఆఫీసులో ఫారం నింపాలి. అందులో ఒక గడి ఉంటుంది, ఆ పాత్ర ఎవరిదని. "ఎనిమిది నెలల్లో రిటైరవుతున్నారు. తెలియదని రాసెయ్యండమ్మా," అన్నాడు మా పెద్దాయన.

"ఇన్నేళ్ళు అందరి పేర్లూ రాశాను," అంటూ ఆవిడ తన పేరు రాసింది. బయటికొచ్చాక మెట్ల మీద ఆగిపోయింది. "ఒకటి అర్థం కావట్లేదు తమ్ముడూ. పైన కప్పుంది, వాన పడదు. పదిహేను రోజుల ఎండకి జాడీ ఎండిపోవాలి. నిండుగా ఎలా ఉంది?"

నాకు ఆలోచించే ఓపిక లేదు. ఏమో అన్నాను.

పన్నెండో రోజున కో బాబాయ్‌ని వార్డుకి మార్చారు. బతికాడు. పీడ వదిలిపోవాలని అక్క పంది కాళ్ళతో సన్న నూడుల్స్ వండి టిఫిన్ డబ్బాలో పెట్టింది. నన్ను తోడు రమ్మంది. ఆస్పత్రి దాకా బస్సులో ఆవిడ పెదవులు కదులుతూనే ఉన్నాయి, చెప్పాల్సిన మాట కూడబలుక్కుంటోంది.

మంచం పక్కన నిలబడే చెప్పేసింది. "అన్నా, నన్ను తిట్టు. నిన్ను కుట్టిన దోమ నా జాడీలో పుట్టింది. ఆ నీళ్ళు నావే."

కో బాబాయ్ సగమై పోయాడు, నోరు మాత్రం అలాగే ఉంది. "తెలీకుండా మాట్లాడకు. ఆ జాడీ సంగతి నీకంటే నాకు బాగా తెలుసు. నువ్వు పోసిన నీళ్ళు వారానికే ఇగిరిపోయేయి. పూలు తలకాయలు వాల్చేసేయి. నువ్వొచ్చి అవి చూసి మొహం చిన్నబుచ్చుకునేదానివి, నేను చూళ్ళేకపోయేవాణ్ణి. అందుకే ఏళ్ళబట్టి పొద్దున్నే నేనే పోస్తున్నా. నీకు చెప్పలేదంతే."

అక్క డబ్బా మంచం పక్క బల్ల మీద పెట్టింది. ఆయన ఆపలేదు.

"కుళాయి నీళ్ళనుకున్నావా? ఇంటి దగ్గర కాచి, వడపోసి, సీసాలో తెచ్చుకునేవి. దోమలు పుట్టేది మురికి నీళ్ళలో గదా. నా నీళ్ళల్లో ఎలా పుడతాయి?"

ఆ దోమకి కావలసింది మంచినీళ్ళే. రేవులో ప్రతి గోడ మీదా ఆ మాట రాసుంది. ఈయన గది తలుపు మీద కాగితం అంటించింది అక్కే. ఇరవై ఏళ్ళుగా కనపడినవాడికల్లా చెప్పిందే చెప్పిన మనిషి. ఇప్పుడూ చెబుతుందని నేను ఆవిడ నోటివైపే చూస్తున్నాను.

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. డబ్బా మూత తీసింది.

"మంచినీళ్ళయితే భయం లేదన్నా," అంది. "ఎక్కడో పాత టైరులోంచి వచ్చుంటది. తిను, చల్లారిపోతోంది."