భుజం మీద తట్టు

పోయిన వేసవిలో రాజమండ్రి నుంచి హైదరాబాద్ వెళ్లినప్పుడు, మరిది బైకు అడిగి తీసుకుని నేనూ మా ఆయనా పాతబస్తీకి బయలుదేరాం. శాలిబండ చౌరస్తాలో సిగ్నల్ పనిచేయడం లేదు. మా ముందు బస్సు అడ్డంగా ఉంది కాబట్టి మా ఆయన ఆగారు, లేకపోతే ఆగేవారు కాదు. పక్కనే పాల క్యాన్లు కట్టిన స్కూటర్ మీద ఒక జంట ఉంది. ఇద్దరికీ హెల్మెట్లున్నాయి. వెనక ఎంత హారన్ కొడుతున్నా అతను కదలడం లేదు.

"మీకు దారి ఖాళీగానే ఉంది కదా, వెళ్లరేం?" అని ఆమెను అడిగాను.

"కుడి దిక్కు ఆయన చూస్తడు, ఎడమ దిక్కు నేను చూస్త అక్కా. నేను భుజం తట్టకుంటె బండి కదలదు. లగ్గమైనప్పటి సంది గిట్లనే."

"తట్టకముందే పోతె ఇంట్ల మస్తు లొల్లి," అన్నాడతను నవ్వుతూ.

అంతలో ఎడమ నుంచి ఒక ఆటో దూసుకుపోయింది. అది పోయాక ఆమె మెల్లగా తట్టింది. స్కూటర్ కదిలింది.

ఆమె ఒంటినిండా నగలున్నా నేనంత కుళ్లుకునేదాన్ని కాదు. పెళ్లయినప్పటి నుంచి మా ఆయన వెనకే కూర్చుంటున్నాను. బస్సొస్తోందని చెబితే, "నాకు కళ్లు లేవా?" అంటారు తప్ప బ్రేకు వేయరు.

తర్వాతి చౌరస్తాలో నేనూ ఎడమవైపు బాగా చూసి, ఎవరూ రావడం లేదని ఆయన భుజం తట్టాను.

ఆయన ఠక్కున బండి ఆపి, "ఏంటి, దిగుతావా?" అన్నారు.