పిట్టగోడ మీద గ్లాసు

కుప్పంలో మా పక్కింటి తాత రాగి మొలకలతో ఇంట్లోనే బీరు చేసేవాడు. బంగారు గనిలో పనిచేసినప్పుడు దుమ్ముకు ఆయన ముక్కుకు వాసన తెలియకుండా పోయింది. నేనేమో కడుపుతో ఉన్నాను, ఏ వాసనైనా ఇట్టే తెలిసిపోయేది. మా ఆయన ఉద్యోగం మదనపల్లెలో. ఆదివారాలే వచ్చేవారు.

తాత మా రెండిళ్ళ మధ్య పిట్టగోడ మీద బీరు గ్లాసు పెట్టి, నేను దగ్గరికి వచ్చేదాకా అరచేత్తో మూసి పట్టుకునేవాడు.

"నేను తాగను తాతా."

"తాగమని ఎవురన్నారమ్మా? ముక్కు అప్పియ్యి, సాలు."

నేను తడి గోనెసంచి వాసనంటే ఈసారి మొలకలు బాగా ఎండబెట్టేవాడు. కుళ్ళిన గుడ్డు వాసనంటే సీసాలు మళ్ళీ ఉడికించేవాడు. వారమంతా నాతో మాట్లాడే మనిషి ఆయనొక్కడే.

కాన్పుకు పుంగనూరు పుట్టింటికి బయల్దేరే ముందురోజు గ్లాసులో కమ్మటి వాసన తప్ప వేరే ఏ వాసనా లేదు.

"ఏ తప్పూ లేదు తాతా."

ఆయన మొహం వాడిపోయింది. "సరిగ్గా సూడమ్మా."

బీరు కుదిరిపోతే ఆయనకు గోడ దగ్గరికొచ్చే పనే ఉండదు. మళ్ళీ వంగి చూశాను.

"కొంచెం మట్టి వాసన ఉండాది."

"అనుకుంటానే ఉండా! కుండ మార్సాల. నువ్వు బిడ్డనెత్తుకోని వచ్చేలోగా సరిజేస్తా" అంటూ హుషారుగా లోపలికి పోయాడు.

కాన్పయ్యాక మా ఆయన మమ్మల్ని నేరుగా మదనపల్లెకే తీసుకొచ్చారు. బిడ్డ నిద్రపోయాక ఇది రాస్తున్నాను. లేని మట్టి వాసన కోసం తాత ఇంకా కుండలు మారుస్తున్నాడేమో.