దేవుడి పిడికెడు

తాడేపల్లిగూడెంలో రైసు మిల్లుల పక్కగా బస్సు వెళ్తుంటే, తవుడు వాసనకి అమ్మ బియ్యం డబ్బా గుర్తొస్తుంది. వంట చేసే ప్రతిసారీ అమ్మ పిడికెడు బియ్యం తీసి, ఆదివారం చర్చికి ఇవ్వడానికి వేరే డబ్బాలో పోసేది. కొల్లేరు పొంగి ఇల్లు మునిగి, నాన్న జ్వరంతో పోయిన ఏడాది కూడా మానలేదు. ఆ బియ్యం దేవుడే వండుకు తింటాడని చిన్నప్పుడు నా నమ్మకం. ఒక రోజు ఆయన డబ్బా మొత్తం మేం నానబోసుకున్న బియ్యంలో కుమ్మరించేశాను.

“ఏం చేశావే?” అంది అమ్మ.

“నాన్నని తీసుకెళ్లిపోయాడుగా. మళ్లీ మన బియ్యం కూడానా ఆయనకి?”

అమ్మ కొట్టలేదు. తడి బియ్యమే పిడికెడు తీసి చేటలో ఆరబోసింది.

“ఆయనతో దెబ్బలాడుకో. నేనూ రోజూ దెబ్బలాడుతూనే ఉన్నాను. ఇది మాత్రం ఆపకు. ఆపేస్తే దెబ్బలాడ్డానికి కూడా నాకెవరూ ఉండరు.”

అప్పుడు అర్థం కాలేదు. పోయినేడు మా ఆయన్ని సమాధి చేసి వచ్చిన మర్నాడు, ఒక్కదానికే కదా అని అరగ్లాసు బియ్యం కొలిచాను. అందులోంచి పిడికెడు తీస్తే ఇంక మిగిలేదెంత? ఆ మాటే దేవుణ్ణి గట్టిగా అడిగి, పిడికెడు తీసి పక్కన పెట్టాను.