నోరు మూసుకుని పాట నడిపిన పూట

మా తిరువళ్లూరు భజన బృందంలో పాడే పన్నెండుమందీ మరమగ్గాల షెడ్డులో పనిచేసిన ఆడవాళ్లే. ఆ మోతలో మాట వినపడదు కనుక ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకోవడం వాళ్లకు అలవాటు. పాటలోనూ నేను ముందు నిలబడి చేత్తో తాళం చూపిస్తే చాలదు, మాటలు పెదవులతో పలకాలి.

తిరుత్తణిలో మేము వేదిక ఎక్కబోతుంటే అక్కడి సంగీతం మాస్టారు నన్ను పక్కకు పిలిచి, నడిపేవాడు నోరు కదిపితే పాడేవాళ్లు సోమరులవుతారన్నాడు. కదపనని మాటిచ్చాను.

"నోరు మూసుకోని నువ్వు యాడ ఉండగలవు తమ్ముడూ?" అనింది మాలో పెద్దదైన అక్క.

పల్లవి సాగినంతసేపూ అందరి కళ్లూ నా మూసిన నోటి మీదే ఉన్నాయి. చరణంలో చూశాను, ఫ్యాను గాలికి అక్క పైటకొంగు పక్కనున్న దీపం మీదికి ఊగుతోంది. జానెడు దూరం, తర్వాత బెత్తెడే. అరిస్తే బెదిరిపోయి అందరూ దీపం మీదే పడతారు. తాళం ఆపకుండా, "అక్కా, వెనక్కి జరుగు" అని శబ్దం లేకుండా పలికాను.

పన్నెండు గొంతులూ అదే రాగంలో "అక్కా, వెనక్కి జరుగు" అని పాడేశాయి. అక్క కూడా పాడుతూనే రెండడుగులు వెనక్కి వేసింది. కొంగు అంచు మసిబారింది, అంటుకోలేదు.

కిందికి దిగాక ఆ చరణం ఎక్కడిదని మాస్టారు అడిగాడు. మా తాతల కాలపు కీర్తనన్నాను.

అక్క కొంగు దులుపుకుంటూ, "అవునయ్యా, ఇంకా రెండు చరణాలుండాయి. మా తమ్ముణ్ణి నోరు తెరవనిస్తే అవీ పాడతాము" అనింది.