గుజ్జిని మోసిన గుర్వయ్య నాయకరు

మొన్న సోమవారం బడిలో మూడో తరగతి పిల్లలకు పద్యం చెబుతూ ఉండగా మా పల్లెనుంచి మనిషి వచ్చాడు. వాకిట్లో నిలబడి తలగుడ్డ తీశాడు. ఆ తీయడంతోనే నాకు సగం తెలిసిపోయింది. "నాయకరు పోయినారయ్యా" అన్నాడు. మా మేనమామ గుర్వయ్య నాయకరు, ఏళాయిరంపన్నై మొదలు నరికుడి దాకా వేటకుక్కల విషయంలో ఎవరి మాటకు తిరుగులేదో ఆ మహానుభావుడు, పొద్దున పత్తిచేనినుంచి ఇంటికి వచ్చి, మంచినీళ్ళు అడిగి, చెంబు వచ్చేలోగా దేహం చాలించారు. సుద్దముక్క నా చేతిలోనే ఉండిపోయింది. కోవిల్పట్టిలో బస్సు ఎట్లా ఎక్కానో, ఎట్లా దిగానో గుర్తు లేదు. ఆయన కూడా ఒకనాడు పోతారన్న ఆలోచన నాకు ఎన్నడూ రాలేదు. అది తెలివితక్కువే కావచ్చు, కానీ అదే నిజం.

ఆయన దీర్ఘకాయులు, మితభాషి. తమిళదేశంలోని మా నల్లరేగడి తెలుగు పల్లెల్లో వేటకుక్కను అమ్మరు, ఇస్తారు. తాంబూలం పెట్టి, పిల్లనిచ్చినట్టు ఇస్తారు. ఇచ్చే ముందు పెద్దమనిషి ఒకరు చూసి మాట చెప్పాలి. ముప్పై ఏళ్ళుగా ఆ పెద్దమనిషి మా మామే. కుక్కపిల్ల ముందు మోకాళ్ళమీద కూర్చుని, దాని ముందుకాలిని జానతో కొలిచి, కాసేపు కళ్ళు మూసుకుని, "ఇది కుందేలు పడతాది" అనో, "ఇది కావలికి సరి" అనో అనేవారు. ఆ మాటమీదే తాంబూలం చేతులు మారేది. ఆ మాట ఒక్కసారీ తప్పలేదని ఊరంతా చెప్పుకొనేది. నేను మాత్రం కుక్క కనిపిస్తే గోడవారగా నడిచే మనిషిని. నా సాక్ష్యం ఎందుకూ పనికిరాదు.

అటువంటి వారింటికి ఐదారేళ్ళ కిందట ఒక గంప వచ్చింది. విరుదునగరంలో పత్తి ప్రెస్సు దొర ఒకాయన సీమకు వెళ్ళిపోతూ, కుక్కలంటే ప్రాణం పెట్టే నాయకరు ఒకరున్నారని విని, తన కుక్కను పత్తిబండిలో పంపించాడు. డాక్స్‌హుండ్ అని బండివాడు ఎట్లాగో పలికాడు. గంపలోంచి దిగినదాన్ని చూసి చేరినవాళ్ళంతా ఘొల్లుమన్నారు. ఒళ్ళు బారెడు, కాళ్ళు బెత్తెడు. చెవులు నేలకు రాసుకుంటున్నాయి. మామ ఒక్కరే నవ్వలేదు. మోకాళ్ళమీద కూర్చుని కొలిచారు. జానలో సగం కూడా లేదు. కళ్ళు మూసుకుని చాలాసేపు ఉన్నారు.

"పావం, దీనికి కాళ్ళు ఎదగలేదురా. రోగం. దొరకు తెలిసిండదు. మూడు నెలల్లో కాళ్ళు రప్పిస్తాను, చూస్తా ఉండండి" అన్నారు.

పొడుగుకాళ్ళ కుక్కను తప్ప మరోదాన్ని కుక్కగా ఎరగని మా పల్లెల్లోనే ఇట్లాంటి పొరపాటు సాధ్యం. ఆ రోజు మొదలు ఆముదంతో మర్దన, మజ్జ కలిపిన రాగిసంకటి, కాళ్ళకు వెదురుబద్దల కట్లు, పొద్దున్నే కాలువగట్టు మీదుగా దుముకుడు. పొట్టిగా ఉంది గనక గుజ్జి అనే పేరు దానంతటదే స్థిరపడింది. గుజ్జి సంకటి తినేది, బద్దలు కొరికి పారేసేది. పిలిస్తే వెంటనే రాదు. ఒకసారి చూసి, రావాలో వద్దో తనే నిర్ణయించుకునేది. పత్తికుప్పను తవ్వి సొరంగం చేసేది. అరుపు మాత్రం దూడంత కుక్క అరుపు. మామ దుప్పటి కింద తప్ప పడుకునేది కాదు. మూడు నెలల్లో దాని నడుము లావెక్కింది గాని కాళ్ళు వెంట్రుకవాసి కూడా పెరగలేదు.

ఒక మధ్యాహ్నం పత్తిబండి మీదినుంచి దూకింది. దూకి కెవ్వుమంది. వెనకకాళ్ళు రెండూ చచ్చుబడి, ముందుకాళ్ళతో ఈడ్చుకుంటూ మామ దగ్గరికే వచ్చింది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. ఆయన మట్టిలో కూలబడి దాన్ని ఒళ్ళో పెట్టుకున్నారు. "వదిలెయ్యండి అయ్యా, గుంత తవ్వేస్తాము" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు, మంచికే. గుజ్జి మళ్ళీ నిలబడుతుందా లేదా అన్నది తప్ప ఆ క్షణంలో ఆయనకు లోకంలో ఇంకేదీ ఉన్నట్టు లేదు.

మర్నాడు వచ్చింది సూసమ్మ. విరుదునగరం పత్తి ఫ్యాక్టరీలో కూలి. మన తెలుగే మాట్లాడే కిరస్తానీ మనిషి. ఇదివరకు ఆ దొర బంగళాలో ఊడ్చేది. మా ఊళ్ళో ఉన్న చెల్లెల్ని చూడవచ్చి, సంగతి విని, మామ ఇంటి ప్రహరీ అవతల నిలబడి తొంగిచూసింది.

"అయ్యో సామీ, దీనికి బద్దలు ఏమిటికి కట్టినారు?"

"కాళ్ళు రావల్ల కెదా" అన్నారు మామ.

"దీనికి కాళ్ళు వచ్చేసినాయి సామీ. ఇంతే కాళ్ళు. దీని తల్లీ ఇంతే, తండ్రీ ఇంతే. బొరియలో దూరి వేటాడే జాతి అని దొరసాని చెప్తా ఉండె. నడుము పొడుగు కెదా, ఎగరనీకూడదు."

ముప్పై ఏళ్ళ మాట ఒక కూలిమనిషి నోట తప్పయింది. మామ కోపంతో లేస్తారని నేను భయపడ్డాను. ఆయన లేచారు. ప్రహరీ దాకా వెళ్ళి, ఆమెను లోపలికి పిలిచి, ఆమె ఎదుట నేలమీద కూర్చున్నారు.

"చెప్పమ్మా. మొదటినుంచీ చెప్పు."

ఆమె చెప్పింది. ఆరు వారాలు గంపలోంచి కదలనీకూడదు. ఎత్తితే రెండు చేతులా ఎత్తాలి, ఒకటి రొమ్ము కింద, ఒకటి పిర్రల కింద, నడుము వంగకుండా. తిండి తగ్గించాలి, ఒళ్ళు బరువైతే నడుముకు చేటు. వేలాడే చెవులు కాబట్టి రోజూ తుడవాలి. "కొట్టినారంటే వినదు సామీ, అలుగుతాది. బతిమాలితే వింటాది." ప్రతి మాటనూ మామ మళ్ళీ పైకి అనుకున్నారు, మా బడిలో పిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు. తర్వాత అత్తను పిలిచి తాంబూలం తెమ్మన్నారు. సూసమ్మ హడలిపోయి వెనక్కు తగ్గింది. మా ఊళ్ళో అప్పటిదాకా ప్రహరీ దాటనివ్వని కులంవాళ్ళ చేతుల్లో ఎవరూ తాంబూలం పెట్టలేదు.

"తీసుకో అమ్మా. కుక్క గురించి సరైన మాట చెప్పినవాళ్ళకు ఇచ్చేది మా వాడిక" అన్నారు.

ఆరు వారాలూ ఆయనే మోశారు. పొడుగుకాళ్ళ కుక్కపిల్లలను చూపించవచ్చిన పెద్దలు వాకిట్లో కాచుకుని ఉంటే, ఆయన గుజ్జిని రెండు చేతులమీద ఎత్తుకుని బయటికి తీసుకుపోయి, నడుము పట్టుకుని నిలబెట్టి, మళ్ళీ తెచ్చి గంపలో పడుకోబెట్టి, అప్పుడు వాళ్ళతో మాట్లాడేవారు. ఏడో వారం గుజ్జి లేచింది. తూలింది, నిలదొక్కుకుంది, నాలుగడుగులు వేసి నేరుగా వెళ్ళి అత్త పెంచుకున్న కనకాంబరం మొక్కను తవ్విపారేసింది. మామ నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

ఆ వారమే ఇంట్లో మెట్లున్న చోటల్లా మట్టితో వాలు కట్టించారు. తిన్నెకు వాలు, గడపకు వాలు. అత్త ఊరుకుంటుందా?

"ఇరవై ఏండ్లుగా నా మోకాళ్ళు నొస్తాయని చెప్తా ఉండాను. మెట్టు తీసేసింది కుక్కకా!"

"నువ్వు చెప్పగలవు కెదా. దానికి నోరు ఉండాదా?" అన్నారు మామ. అయినా ఆ వాలుమీద ఆమె చేయి పట్టుకుని దింపడం నేను ఎన్నోసార్లు చూశాను.

ఆ ఏటి వేటకు నలభై పల్లెల వాళ్ళు చేరారు. తాంబూలాలు మొదలుకాకముందే ఆయన లేచి నిలబడ్డారు. "నేను తప్పు చెప్పినాను. దానికి కాళ్ళు రాలేదని కాదు, నాకు కండ్లు రాలేదు. ఇట్లాంటి కుక్క ఎవరింటికైనా వస్తే నన్ను అడగొద్దు, విరుదునగరం సూసమ్మను అడగండి" అన్నారు. ఎవరూ నవ్వలేదు. అంత పేరును నిలబెట్టుకోవడం నేను పెద్దవాళ్ళలో చూశాను. అంత పేరును ఒక పొట్టికుక్క కోసం అందరి ముందూ దించిపెట్టడం ఆయనలోనే చూశాను.

సోమవారం సాయంత్రం పాడె ఆ మట్టివాలు మీదుగానే కుదుపు లేకుండా దిగింది. గుజ్జి మంచం కిందికి దూరింది. మూడు రోజులు తినలేదు, రాలేదు. ఆ ప్రాంతపు వేటకాళ్ళంతా వాకిట్లో ఉండి కూడా ఒక్కరికీ వంగి పిలిచే ధైర్యం చాలలేదు. మూడో రోజు సూసమ్మ వచ్చి ఎప్పటిలాగే ప్రహరీ అవతల నిలబడింది.

"అక్కడ ఏమిటికి నిలబడినావు? ఇట్లా వాలుమీద రా" అంది అత్త.

ఆమె లోపలికి వచ్చి, మంచం పక్కన బోర్లా పడుకుని, ఏమేమో బతిమాలింది. చాలాసేపటికి గుజ్జి బయటికి వచ్చింది. దాన్ని లోపలి గదిలోకి తీసుకుపొమ్మని అత్త నాకు చెప్పింది. మామ ఇక లేరు. ఆయనలా కొలిచేవారు ఎవరైనా వస్తారేమో గాని, ఆయనలా నేలమీద కూర్చుని నేర్చుకునేవారు మాకు మళ్ళీ రారు. మనసులోనే ఆయన పాదాలకు మొక్కుతూ, జన్మలో మొదటిసారి కుక్కను ఎత్తడానికి వంగాను. భయంతో ఒక చెయ్యే చాచాను.

"రెండు చేతులా అబ్బయా, రెండు చేతులా!" అని అత్త కేక వేసింది. "మీ మామ చూస్తా ఉండారు."

రెండో చెయ్యి కూడా పెట్టాను.