దేవకమ్మగారు వెనక సీటులో కూర్చున్న రోజు

మొన్న పురసవాక్కంలో ట్యాక్సీ ఎక్కి తలుపు వేసుకోగానే పొగవాసన ముక్కుకు తగిలింది. రోడ్డు మీది పొగ కాదు, బండి కిందినుంచి లోపలికి దూరి వచ్చే పొగ. ఆ తేడా నాకు బాగా తెలుసు. డ్రైవరుకు చెప్పాను. "కొంచెం అద్దం దించుకోండి సార్, సరిపోతుంది" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. అక్కడే దిగేశాను. అంత కోపం ఎందుకొచ్చిందో నాకు తెలుసు. ఆ మాట ఒకప్పుడు నేనూ అన్నాను, అదీ బడిపిల్లలతో. నాచేత ఆ మాట మాన్పించిన మనిషి దేవకమ్మగారు.

ఆమెది సౌకార్‌పేటలో తరతరాలుగా స్టీలు సామాన్లు టోకున అమ్మిన తెలుగు కుటుంబం. భర్త పోయాక మరుదులు కొట్టు తమదేనన్నారు. ఆమె వాళ్ల గుమ్మం మళ్లీ తొక్కకుండా ఒక పాత వ్యాను కొని, పురసవాక్కం పిల్లలను బడికి చేర్చే పని పెట్టుకున్నారు. నేను డ్రైవరును. ఆమె రోజూ నా పక్క సీటులో కూర్చునేవారు. నేను హారన్ రెండోసారి కొడితే చాలు, "ఆ యమ్మ బిడ్డకి జడ వేస్తా ఉంటాది శీనా, ఉండప్పా" అని కసిరేవారు. పిల్లలకంటే నన్నే ఎక్కువ అదుపులో పెట్టారు.

వెనక సీటులో మీనా అని ఎనిమిదేళ్ల పిల్ల కూర్చునేది. వారంలో రెండు మూడు రోజులు వాంతి చేసుకునేది. కడగాల్సింది నేను కాబట్టి విసుక్కునేవాణ్ణి. "పొద్దున్నే అన్ని పాలు ఎందుకు తాగిస్తారమ్మా" అని వాళ్లమ్మను నలుగురిలో అడిగాను. ఆవిడ పాలు మాన్పించి, పిల్ల చేతికి నిమ్మకాయ ఇచ్చి పంపడం మొదలుపెట్టింది. పక్కనున్న పిల్లలు తలనొప్పి అంటే అద్దం దించుకోమన్నాను. వాసన నాకు తెలియక కాదు. పాత బండి, అంతే అనుకున్నాను. ఆ 'అంతే' గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందని ఏటా ఎఫ్.సి. సర్టిఫికెట్ తీసుకోవాలి. మేము వెళ్లే మెకానిక్ షెడ్డులో దానికోసమే ఒక మంచి సైలెన్సర్ ఉండేది. అది ఏ ఒక్క బండిదీ కాదు. తనిఖీ ముందురోజు బిగించేవారు, సర్టిఫికెట్ రాగానే విప్పి, తర్వాత వరుసలో ఉన్న బండికి తగిలించేవారు. పెళ్లిచూపులకు అరువు నగలు పెట్టినట్టు ఉండేది మా వ్యవహారం. దేవకమ్మగారికీ ఆ సంగతి తెలుసు, దాచను. ఆ ఏడు కూడా అలాగే తయారై ఆర్.టి.ఓ. ఆఫీసుకు తనిఖీకి వెళ్లాం. కానీ ఆ రోజు వచ్చిన ఇన్‌స్పెక్టరు మెరిసే సైలెన్సర్‌ను చూసి వదిలేయలేదు. ఇంజను వేయించి బండి కిందికి వంగి చూశాడు. సైలెన్సర్‌కు ముందు, సరిగ్గా వెనక సీటు కింద, పొగ పైపు తుప్పుపట్టి చిల్లిపడింది. దాని పైనున్న బండి అడుగు రేకును కూడా తుప్పు తినేసింది. కాగితం మీద ఫెయిల్ అని రాసి, పిల్లల బండి కదా అన్నట్టు మావైపు ఒక చూపు చూసి వెళ్లిపోయాడు.

గేటు దగ్గర కాచుకుని ఉండే బ్రోకర్ పరుగున వచ్చాడు. "చిన్న లీకే అమ్మా. పేస్టు పూసి రేకు చుట్టేస్తే పది దినాలు నిలస్తాది. మనకి కావల్సింది ఒక దినమే గదా" అన్నాడు.

దేవకమ్మగారు వెళ్లి మీనా కూర్చునే చోట కూర్చుని అద్దాలన్నీ మూసేశారు. "ఇంజను వెయ్యి శీనా. నేను చెప్పిందాకా ఆపబాక" అన్నారు. పది నిమిషాల తర్వాత తలుపు పట్టుకుని దిగి, గోడ పక్కకు వెళ్లి వాంతి చేసుకున్నారు. "ఎండ అమ్మా, ఎండ" అన్నాడు బ్రోకర్. వాణ్ణి కొట్టాలనిపించింది. పాలు అన్న నాకు, ఎండ అన్న వాడికి తేడా ఏముందని తోచి చెయ్యి లేవలేదు.

ఆమె నోరు కడుక్కుని నన్నే అడిగారు. "ఈ వాసన నీకు తెలుసునా?"

"తెలుసమ్మా."

"నాకూ తెలుసు. ముందు సీట్లో కూర్చోని తెలవనట్టు ఉండాను."

పైపు, సైలెన్సర్, అడుగు రేకు అన్నీ కొత్తవి వేయించేదాకా వ్యాను తీయలేదు. అంతకుముందే, ఆ సాయంత్రమే, నన్ను వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్లారు. "బాగు చేయిస్తా ఉండాం గదమ్మా, చెప్పడం ఎందుకు?" అన్నాను. "చెప్పకపోతే ఆ యమ్మ పాలదే తప్పనుకుంటా ఉంటాది" అన్నారు. ఆమె చెప్పింది విని సగం మంది పిల్లలను మాన్పించారు. మాన్పించి ఎక్కించింది ఎందులో అనుకున్నారు? అదే షెడ్డులో, అదే అరువు సైలెన్సర్‌తో సర్టిఫికెట్ తెచ్చుకున్న ఇంకో వ్యానులో. అక్కడ ఎవరూ ఏమీ చెప్పలేదు కదా, అందుకని అది మంచి బండి. నిజం చెప్పినవాళ్లకు మన ఊళ్లో దక్కే మర్యాద ఇదీ. ఆ మాటే అంటే దేవకమ్మగారు, "వాళ్లేం చేస్తారో చూసేదానికి నేను పోలేదు" అని చెప్పులు వేసుకున్నారు.

ఆ సాయంత్రం మీనా ఇంటికి అందరికంటే చివర వెళ్లాం. దేవకమ్మగారు నేల మీద కూర్చుని పిల్ల చెయ్యి పట్టుకున్నారు. "కన్నూ, వాంతి నీ వల్ల కాదు. మా బండిలో పొగ వస్తా ఉండాది. తప్పు మాది."

మీనా నావైపు చూసింది. "అయితే బండి గలీజు చేశానని ఇంక అంకుల్‌కి సారీ చెప్పొద్దా?" అంది.

చెప్పేది. బకెట్టుతో నేను వెనక్కి వచ్చిన ప్రతిసారీ తల దించుకుని సారీ అంకుల్ అనేది. నేను ముఖం ముడుచుకుని ఊఁ అనేవాణ్ణి.

"నువ్వు కాదమ్మా. శీనానే నీకు చెప్పాల" అన్నారు దేవకమ్మగారు. అందరూ నాకోసం ఆగారు. నేను గుమ్మం దగ్గరి కాళ్లపట్టా వైపు చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి ఆమే లేచి, పోదాం పద అన్నారు.

ఇప్పుడు నాకు మూడు వ్యానులున్నాయి. ప్రతి సోమవారం ఇంజను వేయించి, ఒక్కోదాని వెనక సీటులో అద్దాలు మూసుకుని కూర్చుంటాను. మా డ్రైవర్లు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. దేవకమ్మగారు పోయి చాలా ఏళ్లయింది. మీనా వాళ్లు ఇల్లు మారి ఎటు వెళ్లారో ఎవరికీ తెలియదు. నా తప్పుకు అన్నిసార్లు నాకే సారీ చెప్పిన ఆ పిల్లకు నేను ఒక్కసారి కూడా చెప్పలేదు.