కొక్కెం ఉన్న రూపాయి బిళ్ళ

మొన్న జనగామ అంగట్లో కూరగాయలామె ఇచ్చిన చిల్లరను ఇంటికొచ్చి బల్ల మీద పోసుకుంటే, అయిదు రూపాయల బిళ్ళల మధ్య తామరపువ్వు బొమ్మ ఉన్న పాత ఇత్తడి ఇరవై పైసల బిళ్ళ ఒకటి బయటపడింది. రంగు చూసి మోసపోయి ఎవరో ఆమెకిచ్చి ఉంటారు, ఆమె కూడా అట్లాగే నాకిచ్చింది. మన ఈడువాళ్ళకు ఆ బిళ్ళ గురించి చెప్పనక్కరలేదు, లక్ష్మీపూజకని ఆడవాళ్ళు ఏరి ఏరి దాచుకున్న కాలం మనందరిదీ. దాన్ని అరచేతిలో పెట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాను. మా బాపు గుర్తుకొచ్చాడు.

బాపు బస్సు కండక్టరు. మహబూబాబాదును మేము ఇప్పటికీ మానుకోట అనే అంటాం. ఆ మానుకోట నుంచి దంతాలపల్లి దాకా, మధ్యలో ఊళ్ళూ లంబాడీ తండాలూ అన్నిటి దగ్గరా ఆగుతూ పోయే బస్సు ఆయనది. సాయంత్రం డిపోలో డబ్బు అప్పజెప్పేటప్పుడు తోలుసంచిలో వింత నాణెం ఏదైనా కనబడితే తన జేబులోంచి సరిపడా వేసి, దాన్ని ఇంటికి తెచ్చేవాడు. చార్మినారు ముద్ర ఉన్న నిజాం కాలపు సిక్కాలు, నడుమ రంధ్రమున్న బొక్క పైసలు, చెల్లని అణాలు ఒక రేకు డబ్బాలో చేరేవి. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి బళ్ళు మూతబడి, బస్సులు నిలిచిపోయి, బాపు జీతం సంగతి తెలియక అమ్మ ఆరిన పొయ్యి ముందు కూర్చున్న రోజుల్లో, మా తమ్ముడూ నేనూ ఆ డబ్బాతోనే ఆడుకున్నాం. ఒక బొక్క పైసను బాపు తల్లి, మా అవ్వ, దిష్టి తగలకుండా తమ్ముడి మొలతాడుకు కట్టింది కూడా.

ఆ తర్వాత ఒకటి రెండేళ్ళకు, అంగడి రోజున, బాపు తెచ్చిన బిళ్ళ మాత్రం డబ్బాలోకి పోలేదు. అది రాజు తలకాయ ఉన్న వెండి రూపాయి. గచ్చు మీద వేస్తే మోగిన తీరుకు వంటింట్లోంచి అమ్మ ఇవతలికొచ్చింది. అంచున చిన్న కొక్కెం అతికి ఉంది, కొక్కెంలో ఎర్రదారం పోగు ఇరుక్కుని ఉంది. తండా ఆడవాళ్ళు అద్దాల రవికల మీద వరసగా కుట్టుకునే బిళ్ళ అని చూడగానే తెలిసిపోయింది. కంసాలి పని చేసే అవుసులాయన దగ్గర కరిగిస్తే రేపు పిల్ల పెళ్ళికి మట్టెలవుతాయని అమ్మ అంది. బాపు వినలేదు. కిక్కిరిసిన బస్సులో చూసుకోకుండా తీసుకున్నాననీ, ఏ తల్లి ఏ ఆపదలో కోసి ఇచ్చిందో, మామూలు రూపాయికి వచ్చే చిల్లరే తీసుకుని దిగిపోయిందనీ, ఎట్లాగైనా తిరిగి ఇవ్వాలనీ పట్టుబట్టాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని అమ్మ గొణిగింది.

అయితే వెతకడం ఎట్లా? ఏ వరసలో బిళ్ళ ఖాళీ ఉందో చూడాలంటే పరాయి ఆడవాళ్ళ రవికల వంక చూడాలి. కండక్టరు ఆ పని చేస్తే బస్సులోనే తన్నులు తింటాడు. అందుకని ఆదివారాలు నన్ను వెంట తీసుకుపోయేవాడు. ఇంజను పక్కన కూర్చోబెట్టి, ఎక్కే ప్రతి తండా ఆవిడనూ చూడమనేవాడు. నాకు అది పండుగలా ఉండేది. బస్సు మా సొంతమైనట్టు దర్జాగా కూర్చునేదాన్ని.

కొన్ని వారాలు గడిచాక ఒకామె ఎక్కింది. ఎడమ భుజం దగ్గర వరసలో ఒకచోట ఉత్త ఎర్రదారం వేలాడుతోంది. ఒళ్ళో మూడేళ్ళ పిల్లవాడు, గుండు కొట్టించిన తల, ఒంట్లో కండ లేదు గాని కళ్ళలో తేట ఉంది. నేను సైగ చేశాను. బాపు ఆమె దగ్గరికి పోయి, ఆ అంగడి రోజు కొక్కెం ఉన్న రూపాయి ఇచ్చింది నువ్వేనా అని అడిగాడు. ఆమె అవునంది. బాపు సంతోషంగా జేబులోంచి తీసి చేయి చాచాడు.

ఆమె చేతులు వెనక్కి లాక్కుంది. పిల్లవాణ్ణి కొంగుతో కప్పేసింది. పక్కనున్న తండా ఆడవాళ్ళు తమ భాషలో ఏదో గట్టిగా అన్నారు.

"వద్దన్నా," అంది ఆమె చివరికి. "పిలగాని మీదికెల్లి తిప్పి నీ చేతుల ఏసిన. మల్ల నా చేతుల పెడితే వాని జరం తెచ్చి పెట్టినట్టే. నువ్వు ఖర్సు జెయ్యకు, ఎవ్వలకియ్యకు. గంగల ఇడువు."

తన మంచితనం ఒక తల్లిని అంతగా భయపెట్టిందని బాపు ఆ రోజంతా కుమిలిపోయాడు. ఆయనకు దిష్టి మీదా తిప్పి పారేయడాల మీదా ఏ కోశానా నమ్మకం లేదు. అవ్వను ఆ విషయంలో ఎప్పుడూ ఆటపట్టించేవాడు. అయినా ఆ బిళ్ళను ఖర్చు చేయలేదు, కరిగించలేదు. అమ్మ ఇంట్లోకి రానివ్వకపోతే బయటి గోడలోని గూట్లో పెట్టాడు. ఆమె గంగ అన్నది గోదావరిని. గోదావరి మాకు దూరం, సెలవు దొరకదు, ఏళ్ళు గడిచాయి. అప్పుడప్పుడూ బాపు వచ్చి ఆ పిల్లవాడు పలక పట్టుకుని బస్సెక్కాడని చెప్పేవాడు, అప్పుడు మేమందరం తెలియకుండానే గూటి వైపు చూసేవాళ్ళం. వానలు పడని ఒక ఏడు ఇంట్లో గింజలు నిండుకున్నప్పుడు అమ్మ ఆ బిళ్ళను తీసి చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడటం నేను చూశాను. కాసేపటికి మళ్ళీ గూట్లోనే పెట్టేసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు అమ్మ మీద నాకు కలిగిన గౌరవం ఈనాటికీ తగ్గలేదు.

ఎనభైలలో అవ్వ పోయింది. అస్థికలు కలపడానికి కాళేశ్వరం పోయాం. భూపాలపల్లి దాటాక దారంతా అడవే. బాపు జేబు మీద చేయి తీయలేదు. అవ్వను నీళ్ళకు అప్పగించాక, మొలలోతులో ఇంకా అట్లాగే నిలబడి ఆ రూపాయిని తీశాడు. ఏ దేవుడికీ దండం పెట్టి ఎరుగని మనిషి రెండు చేతులా దాన్ని నీళ్ళ మీద పట్టుకున్నాడు.

"ఆ పిలగాడు సల్లగుండాలె," అన్నాడు.

ఇప్పుడు బాపు లేడు, ఆ పిల్లవాడు ఎక్కడున్నాడో తెలియదు, వాడికీ అరవై దగ్గర పడి ఉంటాయి. పైసలన్నీ ఫోనులోకి పోయాయి. ఎవరి భుజం మీంచి తెగి వచ్చాయో చెప్పడానికి వాటికి దారం లేదు, కొక్కెం లేదు. పోయిన నెల మనవడికి జ్వరం కాసి ఒళ్ళు పేలిపోతుంటే, తల చుట్టూ తిప్పి ఎవరికైనా ఇద్దామని ఇల్లంతా వెతికాను. అలమరలో, పర్సుల్లో, కొడుకు చొక్కా జేబుల్లో ఒక్క బిళ్ళ దొరకలేదు. ఉత్త చేయే వాడి తల చుట్టూ తిప్పి ఊరుకున్నాను.

అందుకే ఈ తామరపువ్వు బిళ్ళను కూరగాయలామెకు తిరిగి ఇవ్వబోవడం లేదు. పోపుల డబ్బాలో దాచాను. ఎక్కడా చెల్లదని తెలుసు, గంగలో చెల్లితే చాలు.